ఫర్హాబాద్ సఫారీలో దుప్పులు కంటపడాలంటే?

ప్రశ్న: నల్లమల అడవిల మన్ననూరు నుంచి సఫారీకి పోతున్నం. దుప్పిని, కణితిని (సాంబార్ జింకను) దూరం నుంచి ఎట్ల గుర్తుపట్టాలె? కృష్ణజింక కూడా కనిపిస్తదా?

జవాబు: మొత్తం జంతువు కోసం వెతకకు అన్నా. పొదల్లో అడ్డంగా సాగిన వెన్ను గీత, ఆడే చెవి, ఇవే ముందు దొరుకుతయి. ఒంటినిండా తెల్లచుక్కలుంటే దుప్పి. చుక్కల్లేకుండా ముదురు గోధుమ రంగు, బరువైన ఒళ్లు, పెద్ద చెవులుంటే కణితి. 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 12 రెట్లదైతే చేతిలో బొమ్మ వణుకుతది.

ఇంకో జవాబు: కొండముచ్చులున్న చెట్ల కింద చూడుండ్రి. పైనుంచి అవి రాల్చే ఆకులు, కాయలకు దుప్పులు చేరతయి. గాలి మన వెనక నుంచి వీస్తే మాత్రం వాసన పట్టి పోతయి. కణితి ముందుకాలు నేలకేసి కొడుతూ అరిస్తే ఇంజను ఆపించి అక్కడే ఉండుండ్రి, దగ్గర్ల పులో చిరుతో ఉండొచ్చు.

మరో జవాబు: కృష్ణజింక మైదానం జంతువు, అడవిలో వెతకొద్దు. నారాయణపేట జిల్లా మాగనూరు, కృష్ణా మండలాల చేలల్లో చూడాలె.