డౌన్‌విండ్ ఫాయిలింగ్: ముందు చిన్న అలల మీద నేర్చుకోవాలా, నేరుగా గాలిలోకే దిగాలా?

గాలివాటు_బాబు

అందరికీ నమస్కారం. ఉండేది ఒరెగాన్‌లో, హిల్స్‌బరో. వయసు 41, బరువు 78 కిలోలు, ఈత బాగానే వచ్చు (మా ఊరి కాలవలో నేర్చుకున్నది, స్టైల్ గురించి అడక్కండి). ఏడాది నుంచి ఫాయిల్ నేర్చుకుంటున్నాను. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: బోర్డు అడుగున ముప్పావు మీటరుకు పైగా పొడవుండే మాస్ట్ ఉంటుంది, దాని చివర నీళ్ళలో విమానం రెక్కలాంటి వింగ్. వేగం అందుకుంటే ఆ వింగ్ బోర్డునీ మనిషినీ కలిపి నీళ్ళ పైకి లేపేస్తుంది. డౌన్‌విండ్ అంటే తెరచాపా లేకుండా మోటారూ లేకుండా, చేతిలో ఒక తెడ్డుతో (ప్యాడిల్), గాలి లేపిన చిన్న చిన్న అలల మీద (బంప్స్ అంటారు) ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతూ గాలివాటున మైళ్ళకు మైళ్ళు పోవడం.

అడిగిన ప్రతివాడూ "ముందు బీచ్‌లో చిన్న అలల మీద నేర్చుకో, తర్వాత గాలిలోకి వెళ్ళు" అన్నాడు. సరే కదా అని ప్రతి శనివారం పొద్దున్నే పసిఫిక్ సిటీకి పోయాను. వేసవిలో కూడా అక్కడి నీళ్ళు 12 డిగ్రీలకు అటూ ఇటూ, వెట్‌సూట్ లేకపోతే పది నిమిషాల్లో వేళ్ళు కొంకర్లు పోతాయి. మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు అలలు. ఇప్పుడు పది అలలు పడితే ఆరింటి మీద ఫాయిల్ లేస్తుంది, పదిహేను సెకన్లు హాయిగా పోతాను. వచ్చేసింది అనుకున్నాను.

పోయిన నెల కొలంబియా నది ఒడ్డున ఉన్న హుడ్ రివర్ అనే ఊరు వెళ్ళాను. నది మీద వియెంటో నుంచి హుడ్ రివర్ దాకా ఎనిమిది మైళ్ళు, గాలి 25 నాట్లు (గంటకి సుమారు 46 కిలోమీటర్లు). రెండున్నర గంటలు పట్టింది. మొత్తం దారిలో ఫాయిల్ లేచింది నాలుగు సార్లు, అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడింది ఐదు సెకన్లు అనుకుంటా. మిగతా దారంతా తిరుమల మోకాళ్ళ పర్వతం ఎక్కినట్టు మోకాళ్ళ మీదే.

ఇప్పుడు చెప్పండి, ఆ ఏడాది వేస్టేనా?

పెర్త్_పోరడు

వేస్టే అన్నా. మొహమాటం లేకుండా చెప్తున్న.

బీచ్‌లో నిన్ను లేపింది నువ్వు కాదు, అల. అల నిటారుగా వచ్చి వెనక నుంచి తోస్తది, నువ్వు నాలుగు సార్లు ప్యాడిల్ వేస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటది. నదిలో ఆ తోపు లేదు. అక్కడి బంప్‌కు అంత నిటారు ముఖం ఉండదు, నీ అంతట నువ్వే ప్యాడిల్‌తో వేగం తెచ్చుకుని, కాళ్ళతో బోర్డును ఊపి, వింగ్‌ను లేపాలి. దాన్నే పాప్-అప్ అంటరు. అది నువ్వు ఏడాదిలో ఒక్కసారి కూడా ప్రాక్టీస్ చెయ్యలేదు, రాకపోతే ఆశ్చర్యం ఏముంది?

నేను ఇక్కడ ఆస్ట్రేలియాలో, మా పెర్త్‌లోని స్వాన్ నదిలో నేర్చుకున్న. అలలు లేవు, గాలి లేదు, అద్దం లెక్క నీళ్ళు. ఆఫీస్ అయినంక సాయంత్రం గంట. మూడు నెలలు ఒక్కటే పని, చదును నీళ్ళ మీద లేవడం, పడడం. మా ఇంటామె ఒడ్డున కూర్చుని "నీళ్ళను కొడుతున్నవా, ఈదుతున్నవా" అని నవ్వేది. నాలుగో నెల సముద్రంలోకి పోయిన. ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం దాటినంక నైరుతి నుంచి సముద్రపు గాలి వస్తది, ఫ్రీమాంటిల్ డాక్టర్ అంటరు, ఎండకు మాడే ఊరికి మందు లెక్క వస్తది కాబట్టి. ఆ గాలిలో మొదటి రోజే రెండు కిలోమీటర్లు నిలబడిన. అప్పటికి బీచ్ అల ఒక్కటి కూడా ఎక్కలేదు.

కాకినాడ_కెరటం

పెర్త్ తమ్ముడి మాట సగమే నిజం. బాబు గారూ, కంగారు పడకండి.

నేను శాన్ డియాగోలో ఉంటాను, ఆరేళ్ళుగా ఫాయిల్ చేస్తున్నాను. చదును నీళ్ళ మీద లేవడం నేర్చుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. లేస్తారు. లేచాక ఏం చెయ్యాలో తెలియదు! బోర్డు నీళ్ళకి అడుగున్నర పైకి వెళ్ళగానే ముందు కాలు మీద ఎంత బరువు వెయ్యాలో అర్థం కాక వింగ్ నీళ్ళ బయటికి వచ్చేస్తుంది, మనిషి బొక్కబోర్లా పడతాడు. మళ్ళీ మొదటినుంచీ ప్యాడిల్. గాలిలో ఇలా ఇరవై సార్లు పడితే చేతులు పనిచెయ్యవు. చిన్న అల మీద అయితే లేవడానికి ఓపిక ఖర్చు కాదు, ఉన్న ఓపికంతా ఎత్తు చూసుకోవడానికి వాడుకోవచ్చు. ఎలా పడాలో కూడా అక్కడే వస్తుంది, బోర్డు మీంచి దూరంగా దూకడం, వింగ్ మీద పడకపోవడం.

మీ ఏడాది వృథా కాలేదు. కానీ ఒక్క ప్రశ్న: పదిహేను సెకన్లు పోయాక ఏం చేస్తున్నారు?

గాలివాటు_బాబు

ఏముంది, ఒడ్డు దగ్గర పడ్డాక దిగి, బోర్డు మోసుకుని మళ్ళీ లోపలికి వెళ్తాను.

(అన్నట్టు పసిఫిక్ సిటీలో డోరీ అని చదును అడుగు పడవలుంటాయి, ఇసుక మీంచే నేరుగా అలల్లోకి తోసేస్తారు. చూసినప్పుడల్లా మన ఉప్పాడ గుర్తొస్తుంది. వాళ్ళ దారికి అడ్డం పడితే మాత్రం మామూలు తిట్లు కాదు.)

కాకినాడ_కెరటం

అదీ సంగతి. లోపం అలలో లేదు, ఒడ్డు దాకా పోవడంలో ఉంది. అల మీద ఐదు సెకన్లు ఉండి, వేగం చేతిలో ఉండగానే పక్కకి తిరిగి అల వెనక్కి వచ్చేయాలి. అక్కడి నుంచి కాళ్ళతో పంప్ చేస్తూ, అంటే బోర్డును నొక్కి వదులుతూ వింగ్‌తో వేగం పుట్టించుకుంటూ, వెనక వచ్చే ఇంకో అలని అందుకోవాలి. ఒకసారి లేచి రెండు అలలు. ఈ పని చేసినవాడికి బంప్ నుంచి బంప్‌కి మారడం కొత్త కాదు. మీరు చేసింది బస్సెక్కి ఆఖరి స్టాపులో దిగడం. డౌన్‌విండ్‌లో కదిలే బస్సులోంచి కదిలే బస్సులోకి మారాలి.

లెక్కల_మాస్టారు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాకు ఫాయిల్ రాదు, నీళ్ళంటే భయం కూడా. కానీ అలల లెక్క తెలుసు, ఇక్కడ ఎవరూ వేగం సంగతి ఎత్తడం లేదు కాబట్టి చెప్తాను.

లోతు తక్కువ నీళ్ళలో అల వేగం లోతును బట్టి ఉంటుంది. ఛాతీ లోతు, అంటే సుమారు 1.3 మీటర్లు అనుకుంటే గంటకి 13 కిలోమీటర్ల దగ్గర. లోతైన నీళ్ళలో లెక్క వేరు, అక్కడ రెండు శిఖరాల మధ్య ఎన్ని సెకన్లు అన్నదే ముఖ్యం. నాలుగు సెకన్లకొకటి వచ్చే బంప్ గంటకి 22 కిలోమీటర్ల పైన పోతుంది. వింగ్ లేపే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 13 నుంచి 22కి వెళ్తే అదే వింగ్, అదే వాలులో, దాదాపు మూడింతల బలంతో లేపుతుంది. బీచ్‌లో ముద్దుగా ఉన్న పెద్ద వింగ్ నదిలో కట్టు తెంచుకున్న కోడెలా ఎందుకు ఎగురుతుందో ఇప్పుడు ఆలోచించండి.

ఇంకోటి. లోతైన నీళ్ళలో అలలు గుంపులుగా పోతాయి, గుంపు వేగం అందులోని ఒక్కో అల వేగంలో సగమే. అంటే ఏ అలైనా గుంపు వెనక పుట్టి, మధ్యలోంచి ముందుకొచ్చి, ముందంచున చచ్చిపోతుంది. మీరెక్కిన బంప్ కాసేపటికి కాళ్ళ కింద కరిగిపోవడం మీ తప్పు కాదు. బీచ్ అల అలా కాదు, విరిగేదాకా మీతోనే ఉంటుంది. అందుకని "చిన్న అల" అన్న ఒకే మాటతో రెండు వేరు వేరు జంతువుల గురించి వాదించుకుంటున్నారేమో అని నా అనుమానం.

పెర్త్_పోరడు

మాస్టారూ, నీళ్ళంటే భయమని మీరు చెప్పకపోతే మిమ్మల్ని రేపే బోటెక్కించేవాణ్ణి. గుంపు ముచ్చట నాకు అనుభవంతో తెలుసు, లెక్క తెల్వదు. మేం ఇక్కడ ఒక్కటే చెప్తం, వెనక్కి చూడకు, కాళ్ళ కింద బంప్‌ను ప్రేమించకు, ముందు ఎక్కడ గుంట పడుతుందో అటు పో.

బాబన్నా, నీ బోర్డూ వింగూ ఏంది?

గాలివాటు_బాబు

బోర్డు ఆరడుగుల రెండంగుళాలు, వెడల్పు 27 అంగుళాలు. వింగ్ 1750 చదరపు సెంటీమీటర్లు. షాపులో నేర్చుకునేవాళ్ళకి ఇదే మంచిదన్నారు.

పెర్త్_పోరడు

దొరికింది దొంగ. ఆ బోర్డు బీచ్‌కే. పొట్టిగా వెడల్పుగా ఉంటే నీళ్ళను నెడుతూ పోతది, వేగం రాదు. చదును నీళ్ళలో లేవాలంటే పొడవు కావాలె, సన్నగా కావాలె. ఏడున్నర, ఎనిమిదడుగులు, వెడల్పు 20 అంగుళాల చుట్టుపక్కల. ఈ పొడుగు బోర్డులు వచ్చినంకనే డౌన్‌విండ్ మామూలు మనుషుల చేతికి వచ్చింది. అంతకుముందు హవాయిలోని మావీ దీవిలో మాలికో నుంచి కహులుయ్ దాకా పోయేవాళ్ళను వీడియోల్లో చూసి చప్పట్లు కొట్టుడే.

కాకినాడ_కెరటం

ఇదిగో, మొదలైంది. ఏ చర్చ అయినా చివరికి "ఇంకో బోర్డు కొను" దగ్గరికే వస్తుంది. ఒక్కో సెట్టు మూడు వేల డాలర్లు దాటుతుంది తమ్ముడూ, ఆయనకి ఇంట్లో ఫైనాన్స్ మినిస్టర్ ఉండరా? 20 అంగుళాల బోర్డు మీద నిలబడడమే ఒక విద్య, మొదటి రెండు వారాలు ఫాయిల్ మాట దేవుడెరుగు, ఊరికే నిలబడితే చాలు. అయితే వింగ్ విషయంలో మాస్టారి లెక్క ఒప్పుకుంటాను. అల మీద నిలకడ వచ్చాక కూడా 1750తోనే ఉండిపోతే చెడ్డ అలవాటు పడుతుంది, 1300 ప్రాంతానికి దిగాలి. చిన్నది పెడితే అదే బీచ్‌లో వేగం ఎక్కువ కావాలి, అప్పుడు కాళ్ళు నిజంగా పనిచేస్తాయి.

ఉప్పుగాలి

అన్నలూ, నాది వైజాగ్. రుషికొండలో సర్ఫింగ్ రెండేళ్ళుగా చేస్తున్నాను, ఫాయిల్ ఇంకా కొనలేదు. మే నుంచి నైరుతి గాలి ఇంచుమించు తీరం వెంబడే వీస్తుంది కదా, రుషికొండ నుంచి భీమిలి దాకా 15 కిలోమీటర్లు డౌన్‌విండ్ పోవచ్చని నా ఆశ. ఇక్కడ చిన్న అలల మీద నేర్చుకుంటే చాలా?

పాత_లీష్

తమ్ముడూ, అందరికన్నా ముందు నేను చెప్తాను, కోప్పడకు. ఒక్కడివే వెళ్ళొద్దు.

నా కథ విను. కొలంబియా నదిలోనే, మూడేళ్ళ క్రితం. లీష్ (బోర్డును మనిషికి కట్టే తాడు) పాతది, వెల్క్రో నానిపోయి ఉంది, "ఈ ఒక్కసారికి" అనుకున్నాను. పడ్డాను, లీష్ ఊడింది. 25 నాట్ల గాలిలో ఖాళీ బోర్డు ఎండుటాకులా దొర్లుకుంటూ పోతుంది, ఎవడూ ఈది పట్టుకోలేడు. ఒడ్డు చేరడానికి నలభై నిమిషాలు పట్టింది, అదీ లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి. పైగా అక్కడ గాలి పడమర నుంచి, ప్రవాహం తూర్పు నుంచి. రెండూ ఎదురెదురు కొట్టుకుంటాయి కాబట్టే బంప్స్ అంత నిటారుగా లేస్తాయి, అందరూ అక్కడికి పరిగెత్తేదీ అందుకే. కానీ నీళ్ళలో పడ్డవాణ్ణి ఒకటి అటు, ఒకటి ఇటు లాగుతాయి. ఇక బార్జ్‌లు, అంటే సరుకు మోసే పెద్ద పడవలు. అవి ఆగవు, ఆగలేవు, తప్పుకోవాల్సింది మనమే.

బీచ్‌లో పడితే అలే ఒడ్డుకి చేరుస్తుందని నమ్మకం ఉంటుంది. వైజాగ్‌లో ఆ నమ్మకమూ పెట్టుకోకు, అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు ఎంతమందిని తీసుకెళ్ళాయో నాకంటే నీకే బాగా తెలుసు. జాలరిపేట వాళ్ళు కూడా అలలు తగ్గేదాకా ఆగి ఆగి తోస్తారు పడవ. తోడు ఒక బోటు, నడుముకి కొత్త లీష్, హెల్మెట్, వాటర్‌ప్రూఫ్ సంచీలో ఫోన్. ఇవి కుదిరిన రోజు భీమిలి గురించి మాట్లాడదాం. మాస్ట్ పొడవుకి ఇంకో అడుగైనా ఎక్కువ లోతు లేనిచోట, స్నానాలు చేసేవాళ్ళ మధ్య ఫాయిల్ అసలు తియ్యకు. ఆ వింగ్ అంచు కత్తితో సమానం.

ఉప్పుగాలి

అర్థమైందన్నా. ముందు చేపల బోటున్న ఫ్రెండ్‌ని పట్టుకుంటాను. వాడికి ఫాయిల్ అంటే వంటింట్లో చపాతీలు చుట్టేది అనే తెలుసు.

గాలివాటు_బాబు

మూడు వారాల తర్వాత అప్‌డేట్.

బోర్డు కొనలేదు, హుడ్ రివర్‌లో ఒకాయన పాత ఏడున్నర అడుగుల బోర్డు అరువిచ్చాడు. మొదటి రెండు రోజులు పెర్త్ తమ్ముడు చెప్పినట్టు ఇంటి దగ్గర హాగ్ లేక్‌లో చదును నీళ్ళ మీద. ఒక్కసారి కూడా లేవలేదు, నడుము పట్టేసింది. మధ్యలో ఒక శనివారం పసిఫిక్ సిటీ, అల వదిలి వెనక్కి తిరగడం. ఎనిమిది సార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి రెండో అల అందింది, అరిచిన అరుపుకి పక్కన సర్ఫర్ భయపడ్డాడు.

నిన్న మళ్ళీ నది. ఈసారి వియెంటో నుంచి కాదు, గాలి 18 నాట్లు ఉన్నప్పుడు చిన్న దూరం, తోడు ఇద్దరు, వింగ్ 1300. (వియెంటో అంటే స్పానిష్‌లో గాలి కదా, ఎంత చక్కటి పేరు అనుకున్నాను, తీరా చూస్తే ముగ్గురు రైల్వే పెద్దమనుషుల ఇంటిపేర్ల ముందు అక్షరాలట.) నాలుగో ప్రయత్నంలో లేచింది. నలభై సెకన్లు! మూడు బంప్స్ మారాను, మాస్టారు చెప్పినట్టే ఒకటి కాళ్ళ కింద కరిగిపోవడం స్పష్టంగా తెలిసింది. దూరంగా బార్జ్ కనిపించి నేనే దిగిపోయాను.

కాకినాడ_కెరటం

ఆ నలభై సెకన్లు నిలబెట్టింది పసిఫిక్ సిటీ. రాసి పెట్టుకోండి.

పెర్త్_పోరడు

నిలబెట్టింది సరే బాబాయ్, లేపింది ఎవరు?

పాత_లీష్

లీష్ కొత్తదేనా?

గాలివాటు_బాబు

కొత్తదే. పాతది మా ఆవిడ కుక్కకి కట్టింది.