మామిడి మొదట్లో రంపపు పొట్టు రాలుతోంది, నువాన్ మందు దొరకట్లేదు

జగిత్యాల_తోట:
20 ఏండ్ల బంగినపల్లి చెట్లు. నాలుగింటి మొదట్లో పీచుపీచుగా పొట్టు పడుతోంది, జిగురు కారుతోంది. ఒకదానికి ఒక్క కొమ్మే పసుపెక్కి ఎండింది. నువాన్ పోయమంటున్నారు, దుకాణాల్లో లేదు. బదులేంటి?

నర్సంపేట_నర్సరీ:
అన్నా, నువాన్ అంటే డైక్లోర్వాస్ అనే పురుగుమందు. 2020 డిసెంబర్ 31 నుంచి దేశమంతా నిషేధం. పాత సీసా ఎవరిచ్చినా ముట్టొద్దు.

ముందు పొట్టు చూడండి. సన్నటి దారాలతో అల్లుకుని బెరడు మీద పట్టీలా పాకితే అది బెరడు తినే గొంగళి. మట్టి పూతైతే చెదలు. వట్టి పీచు రంధ్రంలోంచి కింద రాలితేనే కాండం తొలిచే పురుగు.

రంధ్రం చుట్టూ వదులు బెరడు చెక్కండి. సైకిల్ పుల్ల కొసను కొక్కెంలా వంచి లోపలికి తిప్పుతూ తోయండి, సొరంగం తిన్నగా ఉండదు. మెత్తగా తగిలి, కొసకు తెల్లటి జిగట అంటితే పురుగు చిక్కినట్టే. అందకపోతే పెట్రోల్‌లో ముంచిన దూది దూర్చి బంకమట్టితో మూయండి (బీడీ దూరంగా!). వారానికి కొత్త పొట్టు వచ్చిందంటే పురుగు బతికే ఉంది, లేదా పక్కన ఇంకో రంధ్రం ఉంది.

వరంగల్_పురుగులు:
బొటనవేలు పట్టేంత గుండ్రటి, పొట్టు లేని రంధ్రానికి దూది దండగ. కాండం తొలిచే పురుగే పెరిగి పెంకుపురుగై అందులోంచి ఎప్పుడో ఎగిరిపోయింది. దాన్ని బటోసెరా రూఫోమాక్యులాటా అంటారు. రెండంగుళాల బూడిదరంగు ఒళ్లు, మెడ మీద రెండు ఎర్రటి మచ్చలు, పొడుగు మీసాలు. పట్టుకుంటే కిర్రుమంటుంది. మిరుగు (మృగశిర కార్తె) వానలకు బయటపడి రాత్రిళ్లే తిరుగుతుంది, మొదట్లో బెరడు కొరికి గాటుకొక గుడ్డు పెడుతుంది. దీపపు ఎరకు కొన్ని పడతాయి, దాన్నే నమ్ముకోవద్దు. టార్చి వేసి మొదళ్ల మీద ఏరడమే నయం. గట్టు మీది మేడి, పనస, బూరుగు కూడా చూడండి, వాటిలోనూ పెరుగుతుంది.

జగిత్యాల_తోట:
ఎండిన కొమ్మ కోసి వంటచెరకుకు దాచొచ్చా?

నర్సంపేట_నర్సరీ:
దాచొద్దు. కోసిన మొద్దులోనూ పురుగు పెరిగి రెక్కలతో బయటికి రావచ్చు. మిరుగులోపే కాల్చేయండి. కోత మీద బోర్డో పేస్టు పూయండి: కిలో మైలుతుత్తం 5 లీటర్లలో, కిలో సున్నం 5 లీటర్లలో వేర్వేరుగా కలిపి, తర్వాత రెండూ కలపాలి. ఇనుప బకెట్ వద్దు, ప్లాస్టిక్‌దే వాడండి. ఇది పురుగును చంపదు, కోసిన చోట బూజు తెగులు పట్టకుండా ఆపుతుందంతే.