పవర్ విండో ఎక్కడం లేదు: ముందు మోటార్ మార్చాలా, కరెంటు ఎక్కడ ఆగిందో చూడాలా?

కరకంబాడి రోడ్డు, తిరుపతి:
మా కారు ఎడమ వైపు ముందు తలుపు గ్లాసుతో ఇబ్బంది. ఆ తలుపు మీదున్న స్విచ్ నొక్కితే గ్లాసు దిగుతుంది కానీ పైకి రాదు. డ్రైవర్ వైపు మాస్టర్ స్విచ్ (అన్ని గ్లాసులనూ నడిపేది) నుంచి అయితే ఎక్కదు, దిగదు. మిగతా మూడు గ్లాసులూ బాగున్నాయి. పాత కారు. స్విచ్ నుంచి నేరుగా మోటార్‌కి కరెంటు పోయే రకం, ఒక్కసారి నొక్కితే గ్లాసు మొత్తం ఎక్కే ఆటో అప్ లాంటివేమీ లేవు.

ఒక షాపులో చూపించాను. తలుపు విప్పకుండానే "మోటార్ పోయింది సార్, గ్లాసుని ఎత్తి దించే మెషిన్‌తో కలిపి సెట్ వేయాలి, 4,500 అవుతుంది" అన్నారు. ఇంకో ఎలక్ట్రీషియన్ "విప్పి చెక్ చేయడానికి 400. రిపేరు ఏం వస్తే అది వేరే" అన్నాడు. నాకు రెండూ మింగుడు పడటం లేదు. విప్పకుండా మోటార్ పోయిందని ఎట్లా చెప్తారు? అలాగని రిపేరు చేయకుండా, చూసినందుకే డబ్బులు అడగడం న్యాయమా? వానలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. మీరైతే ఏం చేస్తారు?

టాక్సీ, అలిపిరి:
అన్నా, సెట్ మార్పించేయండి. నా బండి కొండకు పోయి వచ్చే బండి. అలిపిరి చెకింగ్ దగ్గర గ్లాసు దించాలి, పైన పార్కింగ్‌లో ఎక్కించి పెట్టి పోవాలి. ఎక్కకపోతే బండి వదిలి కదల్లేం, కోతులు లోపలికి దూరి సీట్లు చింపేస్తాయి. ఎలక్ట్రీషియన్ వైర్లు వెతుకుతా కూర్చుంటే ఒక పూట పోతుంది, దాంతో పాటే ట్రిప్పు పోతుంది. సెట్ వేస్తే మధ్యాహ్నానికి బండి చేతికి వస్తుంది, వారంటీ కాగితం కూడా ఇస్తారు. కొత్తది ఖరీదు అనుకుంటే చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారు నుంచి సెకండ్ హ్యాండ్ సెట్ తెప్పించుకోండి. మా స్టాండులో సగం మంది అట్లే చేస్తారు.

వైరింగ్ పని, చిత్తూరు:
సార్, మోటార్ కొనకండి. మీరు రాసిన గుర్తుల్లోనే జవాబు ఉంది.

మీ రకం కార్లలో మోటార్‌కి రెండే వైర్లు. ఒకదానికి ప్లస్, ఇంకోదానికి ఎర్త్ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి పోయే దారి) అందితే గ్లాసు ఎక్కుతుంది. తిరగేసి అందితే దిగుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఎడమ తలుపు స్విచ్‌కి సొంత ఎర్త్ ఉండదు. దాని ఎర్త్ రెండు వైర్ల మీదుగా డ్రైవర్ తలుపులోని మాస్టర్ స్విచ్‌కి పోయి, అక్కడి నుంచి బాడీకి చేరుతుంది. ఇది తెలియకే ఎడమ స్విచ్ మార్చి, తర్వాత మోటార్ మార్చి, ఆఖరుకు తల పట్టుకుంటారు.

ఆ రెండు వైర్లలో దించే వైపు వైరు తెగిందనుకోండి. ఎడమ స్విచ్‌ని ఎక్కించే వైపు నొక్కితే మోటార్ దాకా ప్లస్ వస్తుంది, కానీ తిరిగి పోవాల్సిన ఎర్త్ దారి తెగిన వైరులో ఉంది. మోటార్ తిరగదు. దించే వైపు నొక్కితే ఎర్త్ రెండో వైరు గుండా పోతుంది, అది బాగుంది కాబట్టి గ్లాసు దిగుతుంది. డ్రైవర్ వైపు నుంచి మాత్రం ఎటు నొక్కినా, కరెంటు పోవడానికో రావడానికో ఆ తెగిన వైరు కావాల్సిందే. అందుకే అక్కడి నుంచి రెండూ పని చేయవు. మీ కారు చేస్తున్నది అచ్చంగా ఇదే.

వైరు బాగుండి, మాస్టర్ స్విచ్ లోపల ఎర్త్ కాంటాక్ట్ కాలిపోయి ఉంటే డ్రైవర్ వైపు నుంచి కనీసం దిగేది. మీకు అదీ లేదు కాబట్టి నా అనుమానం వైరు మీదే. తెగేది ఎక్కువగా తలుపుకీ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలో. తలుపు తెరిచిన ప్రతిసారీ వైర్లు అక్కడే మడత పడతాయి. ఎడమ స్విచ్‌ని ఎక్కించే వైపు నొక్కి పట్టి, తలుపుని మెల్లగా తెరుస్తూ మూస్తూ చూడండి. ఏదో ఒక చోట గ్లాసు కొంచెం కదిలినా చాలు, విషయం తేలిపోతుంది.

గ్యారేజ్, తిరుచానూరు రోడ్డు:
అన్నా, మీరు చెప్పిన సర్క్యూట్ కరెక్టే. కానీ మాట మీద అంత గట్టిగా తీర్పు ఇవ్వకూడదు. గ్లాసు దిగేటప్పుడు దాని బరువే సాయం చేస్తుంది, ఎక్కేటప్పుడు మోటార్ ఆ బరువంతా లాగాలి. కార్బన్ బ్రష్‌లు అరిగిన మోటార్ దించుతుంది, ఎక్కించలేదు. మన ఎండలకు గ్లాసు జారే అంచులోని బీడింగ్ రబ్బరు గట్టిపడి గ్లాసుని పట్టేస్తే కూడా ఇదే వరస. డ్రైవర్ వైపు నుంచి దిగడం లేదని ఆయన రాశారు, నిజమే అనుకుందాం. షాపుకి వచ్చేవాళ్లలో అన్ని స్విచ్‌లూ నొక్కి చూసుకుని వచ్చేవాళ్లు తక్కువ.

ఇంకో మాట కూడా చెప్పాలి. డోర్ ప్యాడ్ విప్పి, క్లిప్పులు విరగకుండా చూసుకుని, లోపల ప్లాస్టిక్ షీట్ ఊడదీసి, వైరు వెతికి అతికించి మళ్లీ బిగించడానికి గంటన్నర పడుతుంది. దానికి 500 అడిగితే "ముక్క వైరుకి ఐదు వందలా" అంటారు. అదే కొత్త సెట్ డబ్బా చూపించి 4,500 బిల్లు ఇస్తే మారు మాట లేకుండా ఇస్తారు. ఆలోచించి తప్పు పట్టుకున్న పనికి విలువ లేదు, డబ్బాలో వచ్చిన వస్తువుకి ఉంది. తలుపు విప్పకుండా మోటార్ అన్న షాపుని నేను సమర్థించను. కానీ ఆ అలవాటు షాపుల వాళ్లకి ఒక్కరోజులో రాలేదు.

పాఠం చెప్పే పని, తిరుపతి:
ఇద్దరు చెప్పిందీ కొలిచి తేల్చవచ్చు, అందుకే వాదన కన్నా కొలత ముఖ్యం అంటాను. అయితే ఏ కొలత అన్నదే అసలు ప్రశ్న.

చాలామంది మోటార్ కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) ఊడదీసి, మల్టీమీటర్ పెట్టి, 12 వోల్టులు చూసి "కరెంటు వస్తోంది, మోటారే పోయింది" అంటారు. ఇది పెద్ద పొరపాటు. మీటర్ దాదాపు కరెంటు లాగదు. వైరులో పదిహేను పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 చూపిస్తుంది. మోటార్ తగిలిస్తే ఆ ఒక్క పోగు దాని కరెంటు సరిగ్గా మోయలేకపోవచ్చు. కాబట్టి కప్లర్ తగిలించే ఉంచి, వెనక వైపు నుంచి మీటర్ సూదులు రెండు వైర్లకూ ఆనించి, ఎక్కించే స్విచ్ నొక్కి చూడాలి. ఇంజిన్ ఆపి ఉంటే మంచి బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంటాయి. స్విచ్ నొక్కినప్పుడు మోటార్ దగ్గర 11 పైన ఉండి కూడా గ్లాసు కదలకపోతే గ్యారేజ్ అన్న చెప్పినట్టు మోటారో, మెషినో, బీడింగో. ఐదారు వోల్టులకు పడిపోయినా, అసలు రాకపోయినా వైరు గానీ స్విచ్ గానీ. అప్పుడు మోటార్‌ని ముట్టుకోవాల్సిన పని లేదు.

మీటర్ లేకపోతే పాత హెడ్‌లైట్ బల్బు చాలు. 55 వాట్ల బల్బు సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. దాన్ని మోటార్ కప్లర్‌కి తగిలించి ఎక్కించే వైపు, దించే వైపు నొక్కండి. రెండు వైపులా నిండుగా వెలిగితే దారి బాగుంది. ఒక వైపు మసకగా వెలిగినా, వెలగకపోయినా దారిలో లోపం. ఎల్‌ఈడీ టెస్టర్‌తో ఈ పని కాదు, అది కూడా మీటర్ లాగే మోసం చేస్తుంది.

అసలు తలుపు విప్పకముందే ఒక పరీక్ష ఉంది. రాత్రి పూట ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, పైకప్పు లైటు వేసుకోండి. గ్లాసు స్విచ్ నొక్కినప్పుడు ఆ లైటు కాస్త మసకబారితే మోటార్ కరెంటు లాగుతోంది, ఎక్కడో పట్టేసింది. లైటులో ఏ మార్పూ లేకపోతే కరెంటు మోటార్ దాకా చేరడం లేదు, లేదా మోటార్ లోపలే తెగి ఉంది. ఇది చివరి తీర్పు కాదు, దారి చూపుతుంది. స్విచ్ మరీ ఎక్కువసేపు నొక్కి పట్టవద్దు. మోటార్‌లో వేడెక్కితే ఆగిపోయే రక్షణ ఉంటుంది, చల్లబడే దాకా కదలదు. ఆ కాసేపట్లో మోటార్ చచ్చిపోయిందని నిర్ణయించేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

టాక్సీ, అలిపిరి:
సార్, మీరు చెప్పేది చదువుకి బాగుంది. నాకు బండి నడవాలి. ఇవన్నీ చేసి వైరు అని తేలినా, అది మళ్లీ తెగదని గ్యారంటీ ఎవరిస్తారు?

రిటైర్డ్, గ్రీమ్స్‌పేట, చిత్తూరు:
నా బాధ ఫీజు గురించి. 400 తీసుకోవడంలో తప్పు లేదు, కానీ మూడు షరతులు ఉండాలి. ముందే చెప్పాలి. రిపేరు అక్కడే చేయిస్తే ఆ 400 బిల్లులో తగ్గించాలి. ఏది మార్చినా పాత వస్తువు కస్టమర్ చేతికి ఇవ్వాలి. పాత మోటార్ చేతికిస్తామంటే, బాగున్న మోటార్ మార్చే ధైర్యం ఎవరికీ రాదు.

గ్యారేజ్, తిరుచానూరు రోడ్డు:
పెద్దాయనా, మొదటిదీ మూడోదీ ఒప్పుకుంటా. రెండోది ఒప్పుకోను. తప్పు కనిపెట్టడమే అసలు పని, అతికించడం పది నిమిషాలు. ఆ 400 తగ్గిస్తే నేను దేనికి డబ్బు తీసుకున్నట్టు?

కరకంబాడి రోడ్డు, తిరుపతి:
అందరికీ ధన్యవాదాలు. రాత్రి పైకప్పు లైటు పరీక్ష చేశాను. దించేటప్పుడు లైటు కొంచెం మసకబారింది, ఎక్కించే వైపు నొక్కితే ఏ మార్పూ లేదు. తర్వాత ఎక్కించే స్విచ్ నొక్కి పట్టి తలుపు కదిపాను. సగం తెరిచిన చోట గ్లాసు ఒక్కసారి రెండు వేళ్ల మందం ఎక్కి ఆగిపోయింది. దాంతో 400 అడిగిన ఎలక్ట్రీషియన్ దగ్గరికే వెళ్లాను.

ఆయన నా ఎదురుగానే రబ్బరు గొట్టాన్ని బాడీ వైపు నుంచి ఊడదీశాడు. బయటికి చూస్తే కట్ట అంతా బాగానే ఉంది. వేలితో ఒక్కో వైరునీ వంచుతూ పోతే నల్ల గీత ఉన్న ఆకుపచ్చ వైరు ఒక చోట మెత్తగా, లోపల తీగ లేనట్టు వంగింది. తొడుగు సన్నగా చిట్లి ఉంది. దాన్ని చీల్చితే లోపల రాగి పోగులు చిలుము పట్టి, తెగి, రెండు కొనలూ ఎదురెదురుగా ఉన్నాయి. తలుపు ఒక కోణంలోకి వచ్చినప్పుడు ఆ కొనలు తగులుతున్నాయి, అంతే. పక్కనే స్పీకర్ వైరు తొడుగు కూడా చిట్లడం మొదలైంది. రెండింటికీ కొత్త వైరు వేశాడు. చెక్ చేయడానికి 400, పనికి 350. గ్లాసు ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఎక్కుతోంది, దిగుతోంది.

ఫీజు విషయంలో నేను గ్యారేజ్ అన్న పక్షం. 4,500 పెట్టి కొత్త మోటార్ వేయించి ఉంటే గ్లాసు అప్పుడూ ఎక్కేది కాదు, తర్వాత మాస్టర్ స్విచ్ కూడా కొనమనేవారు. ఆ 400 రూపాయలే నా డబ్బుని కాపాడాయి. చెక్ చేయడానికి ఇంత అని ప్రతి షాపూ బోర్డు పెట్టాలి, మనమూ గొణగకుండా ఇవ్వాలి.

వైరింగ్ పని, చిత్తూరు:
సంతోషం సార్. అతుకు ఎక్కడ వేశాడో చూశారా? టాక్సీ తమ్ముడు అడిగిన గ్యారంటీకి జవాబు అక్కడే ఉంది. తెగిన చోటే మెలిపెట్టి టేపు చుడితే కొన్నాళ్లకే తిరిగి వస్తుంది. సోల్డర్ చేసినా అంతే, సోల్డర్ పట్టిన తీగ గట్టిపడి దాని పక్కనే తెగుతుంది. రబ్బరు గొట్టంలో అతుకే ఉండకూడదు. సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తటి వైరు, పాతదానికి తగ్గని మందంతో, గొట్టం మొత్తం దాటేలా పొడవు తీసుకోవాలి. ఒక అతుకు తలుపు లోపల, ఇంకోటి బాడీ లోపల, కదలని చోట పడాలి. అట్లా వేస్తే నేను రాసిస్తా గ్యారంటీ.

తలుపు లోపలి ప్లాస్టిక్ షీట్ కూడా చూసుకోండి. గ్లాసు పక్క నుంచి వాన నీళ్లు తలుపులోకి దిగడం మామూలే, కింద రంధ్రాల నుంచి బయటికి పోతాయి. షీట్ చింపేసో, బంక సరిగ్గా అతికించకో వదిలేస్తే ఆ నీళ్లు ఇటు వైపు స్విచ్ కప్లర్ మీదికి, కార్పెట్ కిందికి వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు మునిగిన బండ్ల తలుపులు విప్పితే కప్లర్లలో పచ్చగా చిలుము కనిపించేది. అంత వరద అక్కర్లేదు, చినిగిన షీట్‌తో ఒక్క వానాకాలం గడిస్తే చాలు.

కరకంబాడి రోడ్డు, తిరుపతి:
అతుకులు రెండూ గొట్టం బయటే ఉన్నాయి, చూశాను. ఈ తలుపు షీట్ ఆయన బాగానే అతికించాడు. డ్రైవర్ వైపుది మాత్రం ఎప్పటిదో చినిగి ఉంది, ఆదివారం దాన్ని మార్పిస్తాను.

టాక్సీ, అలిపిరి:
సరే అన్నా, అట్లా గ్యారంటీ ఇచ్చేవాడు ఉంటే నేనూ వస్తా. లేకపోతే నాకు సెట్ మార్చడమే మేలు, ఆ మాట వెనక్కి తీసుకోను. ఇప్పుడు నా సంగతి. నా కొత్త బండికి ఒక్కసారి నొక్కితే గ్లాసు మొత్తం ఎక్కే ఆటో అప్ ఉంది. బ్యాటరీ మార్చినప్పటి నుంచి అది పోయింది, స్విచ్ పట్టుకుంటేనే ఎక్కుతోంది. సార్ చెప్పిన బల్బు పరీక్ష చేసుకోవచ్చా?

వైరింగ్ పని, చిత్తూరు:
వద్దు తమ్ముడూ. నీ బండిలో మోటార్‌తో పాటే కంట్రోల్ మాడ్యూల్ ఉంటుంది, కప్లర్‌లో వైర్లు కూడా రెండు కన్నా ఎక్కువ ఉంటాయి. అక్కడ బల్బు తగిలించినా, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చినా మాడ్యూల్ పోవచ్చు. అక్కడ బండి కంప్యూటర్ని చదివే స్కానర్‌తో చూడాల్సిందే. కానీ నీది అసలు చెడిపోలేదనుకుంటా. బ్యాటరీ తీస్తే చాలా బండ్లలో గ్లాసు పైకొస ఎక్కడుందో మాడ్యూల్ మరిచిపోతుంది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి గ్లాసు పూర్తిగా దించు. మళ్లీ ఎక్కించి, పైకి తగిలిన తర్వాత కూడా స్విచ్ వదలకుండా కొన్ని సెకన్లు పట్టుకో. ఎన్ని సెకన్లనేది బండి పుస్తకంలో ఉంటుంది. ఏ గ్లాసుకి ఆ గ్లాసు విడిగా చేయాలి. ఏదైనా అడ్డొస్తే గ్లాసు వెనక్కి దిగే రక్షణ అప్పటిదాకా సరిగా పని చేయకపోవచ్చు, పిల్లల చేతులు కిటికీ దగ్గర లేకుండా చూసుకో.