శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందా? ఇంట్లో పిల్లలకి ఏం చెప్పాలి?

కోనసీమ కోడలు:
అందరికీ వందనాలు. నేను పుట్టింది సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) కుటుంబంలో, అత్తగారిది బ్రదరన్ అసెంబ్లీ అనే వేరే సంఘం. పెళ్లయ్యాక నేనూ అక్కడికే వెళ్తున్నాను, వాక్యం మీద వాళ్ళకున్న శ్రద్ధ నాకు చాలా ఇష్టం. కానీ ఈమధ్య మా దగ్గర కూటాలు జరిగాయి. వచ్చిన ప్రసంగీకుడు గోడంత చార్టు కట్టి, సంఘం, అంటే విశ్వాసులంతా, మధ్యాకాశంలోకి ఎత్తబడటం, తర్వాత ఏడేళ్ల శ్రమలు, క్రీస్తు విరోధి, 666 ముద్ర, ఆ తర్వాత ప్రభువు భూమ్మీదికి రావడం, వెయ్యేండ్ల పరిపాలన, అన్నీ వరసగా చూపించి, ఈ వరస నమ్మనివాళ్ళు విడిచిపెట్టబడతారు అన్నారు. మా పాప మూడో తరగతి. అప్పట్నుంచి నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ కాసేపు కనబడకపోతే చాలు, అమ్మ ఎత్తబడింది నేను మిగిలిపోయాను అని ఏడుస్తోంది. మా అమ్మావాళ్ళు మాకు చెప్పింది వేరు. ప్రభువు మళ్ళీ వస్తాడు, చనిపోయినవాళ్ళు లేస్తారు, తీర్పు జరుగుతుంది. విశ్వాస ప్రమాణంలో కూడా అంతే ఉంది, ఎత్తబడటం ఒకసారి, రావడం ఇంకోసారి అని ఎక్కడా లేదు. దయచేసి కోపాలు లేకుండా చెప్పండి, ఇందులో వాక్యం ఏది? పాపకి నేనేం చెప్పాలి?

సీయోను యాత్రికుడు:
సిస్టర్, వందనాలు. ఆయన చివర్లో అన్న మాట తప్పు, అది మా అసెంబ్లీల బోధ కూడా కాదు. మనం ఎత్తబడేది ప్రభువు రక్తం వల్ల, చార్టు మీద నమ్మకం వల్ల కాదు. కానీ ఆయన మాట తేడాగా ఉందని అసలు బోధను వదిలేయకండి. 1 థెస్సలొనీక 5:9 చూడండి, దేవుడు మనల్ని ఉగ్రతపాలు చేయడానికి నియమించలేదు. బైబిలు చివరి పుస్తకం ప్రకటన 6 నుంచి 18 దాకా భూమ్మీద కుమ్మరించేది దేవుని ఉగ్రతే కదా, మరి ఆ ఉగ్రతను మన బదులు సిలువ మీద ప్రభువు మోసేశాక సంఘం మళ్ళీ దాని కింద ఎందుకుండాలి? ప్రకటన 3:10లో ఫిలదెల్ఫియ సంఘానికిచ్చిన వాగ్దానం కూడా అదే, శోధన గడియలోంచి కాపాడతానని. దానియేలు 9లో డెబ్బై వారాలు ఇశ్రాయేలు గురించి చెప్పినవి, మిగిలిన ఆ ఒక్క వారం, అంటే ఆ ఏడేళ్లు, కూడా వాళ్ళదే. ప్రకటన 4 తర్వాత 22:16 వరకు సంఘం అన్న మాటే కనబడదు. నోవహు ఓడలోకి వెళ్ళాకే జలప్రళయం వచ్చింది, లోతు బయటికొచ్చాకే సొదొమ మీద అగ్ని పడింది. దేవుడు ఎప్పుడూ అలాగే చేశాడు.

మెదక్ పెద్దాయన:
యాత్రికుడు గారు, చెప్పవలసింది బాగా చెప్పారు, కానీ నాకు మత్తయి 24 దగ్గరే అడ్డం పడుతోంది. 29వ వచనం నుంచి చదవండి. ఆ దినాల శ్రమ ముగిశాక సూర్యచంద్రులు చీకటవుతాయి, మనుష్యకుమారుడు మేఘాల మీద వస్తాడు, గొప్ప బూర మోగుతుంది, ఆయన ఏర్పరచుకున్నవారిని నాలుగు దిక్కుల నుంచీ దూతలు పోగుచేస్తారు. శ్రమ ముందు, పోగుచేయడం తర్వాత. 1 కొరింథీ 15:52లో కడబూర అన్నాడు పౌలు. అది కడబూరైతే ఏడేళ్ల తర్వాత మళ్ళీ ఇంకో బూర ఎక్కడిది? ఇక 2 థెస్సలొనీక 2లో ఇంకా స్పష్టం. ప్రభువు రాకడ గురించీ మనం ఆయన దగ్గర కూడుకోవడం గురించీ మాట్లాడుతున్నానని మొదలుపెట్టి, భ్రష్టత్వం వచ్చి పాపపురుషుడు (అంటే క్రీస్తు విరోధి) బయలుపడేదాకా ఆ దినం రాదన్నాడు. పౌలుకి సంఘం ముందే వెళ్ళిపోతుందని తెలిస్తే ఒక్క వాక్యంతో పోయేది: కంగారుపడకండి, మీరిక్కడ ఉండరు అని. ఆ ఒక్క వాక్యం ఆయన రాయలేదు.

సంఘం అన్న మాట ప్రకటన 4 తర్వాత లేదంటున్నారు, ఆ అధ్యాయాల్లో పరలోకపు దృశ్యాల్లోనూ అది లేదు. పరిశుద్ధులైతే ఉన్నారు, 13:7లో మృగం, అంటే ఆ క్రీస్తు విరోధే, వాళ్ళతో యుద్ధం చేస్తోంది.

ఇంకో సంగతి. ఈ రెండు విడతల రాకడ బోధని ఒక పద్ధతిగా నిలబెట్టింది బ్రదరన్ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ, అదీ 1830ల్లో. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు నోట్సుతో అది ప్రపంచమంతా పాకింది. రెండో శతాబ్దపు సంఘ బోధకుడు ఐరేనియస్ వెయ్యేండ్ల పాలన నమ్మినవాడే, కానీ సంఘం క్రీస్తు విరోధి చేతిలో శ్రమపడుతుందనే రాశాడు.

సీయోను యాత్రికుడు:
అయ్యా, ఆలస్యంగా తేలినంత మాత్రాన అబద్ధమైతే 1517లో లూథర్ చెప్పినదానికి రోమా వాళ్ళు వేసిన ప్రశ్న కూడా ఇదే కదా, పదిహేను వందల ఏళ్ళు ఎవరికీ తెలియంది నీకు తెలిసిందా అని. దానికి జవాబు వాక్యంలోంచి రావాలి, సంవత్సరాల లెక్కలోంచి కాదు. మత్తయి 24 యూదులకు చెప్పినది, యూదయలో ఉన్నవారు కొండలకు పారిపోవాలి, విశ్రాంతి దినాన పారిపోవడం సంభవించకుండా ప్రార్థించండి అని ఉంది. సంఘానికి విశ్రాంతి దినంతో ఏం పని?

మెదక్ పెద్దాయన:
లూథర్ తన ముందున్న పాత సంఘ బోధకుడు అగస్టీన్‌ని చూపించగలిగాడు, డార్బీకి అలా చూపించడానికి ఎవరున్నారు? పైగా ఆ రోజుల్లోనే మీ వాళ్ళలోనే ఒప్పుకోనివాళ్ళున్నారు. ఇంగ్లాండులోని ప్లిమత్‌లో బెంజమిన్ విల్స్ న్యూటన్ అనే బ్రదరన్ పెద్ద ఈ విషయంలో డార్బీని ఎదిరించాడు. అనాథాశ్రమాల జార్జ్ ముల్లర్ కూడా పాపపురుషుడు బయలుపడ్డాకే ప్రభువు వస్తాడని నమ్మాడు. కోడలమ్మా, నీకిది దగ్గరి సంగతి. 1836లో మీ గోదావరి డెల్టాకి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీల్ని వెంటబెట్టుకొచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఆ ముల్లర్‌కి స్వయానా బావమరిది. అంటే బ్రదరన్ చరిత్రలోనే రెండు అభిప్రాయాలవాళ్ళూ ఉన్నారు, శ్రమల తర్వాతే ప్రభువు వస్తాడన్నది నమ్మితే విడిచిపెట్టబడతావంటే ముల్లర్‌ని కూడా అందులో వేయాలి.

కాలిఫోర్నియా నుంచి:
నేను వాక్యం జోలికి పోను, నాకన్నా తెలిసినవాళ్ళు మాట్లాడుతున్నారు. కానీ భయం గురించి చెప్పాలి. 2011లో ఇక్కడ రోడ్ల పక్కన పెద్ద పెద్ద బోర్డులు ఉండేవి, మే 21న తీర్పు దినం అని. రేడియోలో హెరాల్డ్ క్యాంపింగ్ చెప్పేవారు, 1994కీ ఆయన లెక్క కట్టిన మనిషే. మే 21 గడిచింది, అక్టోబరు 21 అన్నారు, అదీ గడిచింది, మరుసటి ఏడు తేదీ చెప్పడం పాపమని ఒప్పుకున్నారు. ఆయన మాట నమ్మి ఉద్యోగాలు మానేసి దాచుకున్న డబ్బు ఆ ప్రచారానికి ఇచ్చినవాళ్ళున్నారు, వాళ్ళ డబ్బు వాళ్ళకి రాలేదు. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28న ఎత్తబడతామని లీ జాంగ్ రిమ్ అనే ఆయన చెప్పారు. కానుకల డబ్బుతో ఆయన కొన్న బాండ్లు ఆ తేదీ దాటాక చెల్లేవని బయటపడి అరెస్టు చేశారు. 1844 అక్టోబరు 22 కోసం విలియం మిల్లర్ మాట మీద పంట కోయకుండా పొలంలోనే వదిలేసిన రైతులున్నారు. 1948లో ఇశ్రాయేలు ఏర్పడింది కాబట్టి నలభై ఏళ్ల తరం లెక్కన 1988 అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే వీడియోలన్నీ ఇవే లెక్కలు, తేదీ ఒక్కటే మారుతుంది. ఆ దినమూ ఆ గడియా కుమారుడికే తెలియదని మత్తయి 24:36లో ఉంటే ఈ వీడియో చేసినవాడికి ఎలా తెలిసింది? షేర్ చేసేముందు ఒక్కసారి ఆలోచించండి, అవతల చూసేది కోడలు గారి పాపలాంటి పిల్ల కావచ్చు.

నర్సు చెల్లి:
అన్నా, మీరు చెప్పింది నేను వార్డులో చూశాను. కోవిడ్ టీకా 666 ముద్ర అని నమ్మి టీకా వద్దన్న పెద్దావిడ మా దగ్గరికి ఆక్సిజన్ మీద వచ్చింది. ఆధార్ వచ్చినప్పుడూ ఇదే మాట, బార్‌కోడ్ వచ్చినప్పుడూ ఇదే మాట. ప్రకటన 13లో ఆ ముద్ర మృగానికి నమస్కరించడంతో ముడిపడి ఉంది, ఎవరో తెలియకుండా సూదిలో పెట్టి ఎక్కించేది కాదు. తర్వాతి అధ్యాయం మొదటి వచనంలోనే లక్షా నలభై నాలుగు వేలమంది నొసళ్ల మీద గొర్రెపిల్ల పేరు, తండ్రి పేరు ఉన్నాయి, దాన్ని మాత్రం ఎవరూ చిప్ అనరేం? ఈ బోధ చేసేవాళ్ళు జబ్బుపడితే వాళ్ళూ మా దగ్గరికే వస్తారు, వాళ్ళకి సేవ చేస్తాం, కానీ ఆ మాట నమ్మి చనిపోయినవాళ్ళకి ఎవరు జవాబు చెప్తారు?

సీయోను యాత్రికుడు:
తేదీలు, టీకాలు, వీటితో నాకు పూర్తిగా వ్యతిరేకమే. నిజానికి మా బోధ ప్రకారం ఏ గుర్తూ ముందు జరగనక్కర్లేదు, ప్రభువు ఏ క్షణమైనా రావచ్చు, అలాంటప్పుడు తేదీ వేయడానికి చోటే లేదు. పెద్దాయన చెప్పినట్టు పాపపురుషుడు ముందు రావాలంటే మనం ప్రభువు కోసం ఎదురుచూస్తున్నామా, క్రీస్తు విరోధి కోసమా?

మెదక్ పెద్దాయన:
మంచి ప్రశ్న. మన ఊళ్ళలో పెళ్లివారు వస్తున్నారంటే మేళంతో ఊరి బయటికి వెళ్ళి ఎదుర్కోలు చేస్తాం. వెళ్ళినవాళ్ళు అక్కడే ఉండిపోరు, మగపెళ్లివారిని వెంటబెట్టుకుని ఊళ్ళోకి వస్తారు. అపొస్తలుల కార్యములు 28:15లో రోమా సహోదరులు అప్పీయా సంతపేట దాకా, త్రిసత్రాల దాకా వచ్చింది కూడా పౌలుని ఎదుర్కొని రోమాకి తీసుకెళ్ళడానికే. 1 థెస్సలొనీక 4:17 నేను అలా చదువుతాను. రాజు వస్తున్నాడు, ఆయన్ని ఎదుర్కొని ఆయనతో వస్తాం. దారిలో శత్రువున్నాడని తెలిసినంత మాత్రాన ఎదురుచూపు శత్రువు కోసం అయిపోదు.

నన్ను నిజంగా బాధపెట్టేది వేరే. శ్రమ రాకముందే తీసేస్తాడని మాత్రమే విన్నవాడు శ్రమ వచ్చినప్పుడు ఏమవుతాడు? 2008లో కంధమాల్‌లో ఇళ్ళు తగలబడి అడవుల్లోకి పారిపోయినవాళ్ళు మన పక్క రాష్ట్రం వాళ్ళే. స్ముర్న సంఘానికి ప్రభువు తప్పిస్తానని చెప్పలేదు, మరణం వరకు నమ్మకంగా ఉండు అన్నాడు (ప్రకటన 2:10). ఆ సంఘపు పెద్ద పాలీకార్పుని రెండో శతాబ్దంలో సజీవంగా కాల్చడానికి కట్టెలు పేర్చారు.

సీయోను యాత్రికుడు:
కంధమాల్ మాట ఎత్తితే నాకూ కడుపు తరుక్కుపోతుంది. కానీ మనుషులు పెట్టే శ్రమ వేరు, దేవుడు కుమ్మరించే ఉగ్రత వేరు. లోకంలో శ్రమ కలుగుతుందని ప్రభువే చెప్పాడు (యోహాను 16:33), మా అసెంబ్లీలు దాన్ని ఎప్పుడూ దాచలేదు. ఎదుర్కోలు పోలిక బాగుంది గానీ, యోహాను 14:3లో ప్రభువు మనల్ని తీసుకెళ్ళేది తండ్రి ఇంట్లో సిద్ధపరచిన స్థలానికి. అక్కడికి వెళ్ళకుండా వెంటనే కిందికి దిగితే ఆ స్థలం ఎందుకు సిద్ధపరచినట్టు?

కోనసీమ కోడలు:
ఇద్దరికీ చాలా థాంక్స్. కొంత అర్థమైంది, కొంత మళ్ళీ మళ్ళీ చదవాలి. మా ఆయన కూడా చదువుతున్నారు, ఆయన యాత్రికుడు గారి వైపు. నేనింకా తేల్చుకోలేదు. పాప సంగతి మాత్రం ఇవాళే చెప్పండి.

మెదక్ పెద్దాయన:
అమ్మా, 1 థెస్సలొనీక 4 పదహారో వచనం నుంచి చదవొద్దు, పదమూడు నుంచి చదువు. భూస్థాపనలో అయ్యగారు చదివేది ఆ భాగమే. చనిపోయిన తమవాళ్ళు ప్రభువు వచ్చేటప్పటికి వెనకబడిపోతారేమోనని ఆ సంఘం ఏడుస్తుంటే పౌలు రాసిన ఉత్తరం అది. క్రీస్తులో చనిపోయినవాళ్ళే మొదట లేస్తారు, తర్వాత మనం వాళ్ళతో కలిసి, అన్నాడు. ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అని ముగించాడు. ఆ భాగం విని పిల్ల భయపడిందంటే విన్నది పౌలు చెప్పిన తీరులో కాదు. వాళ్ళ నానమ్మో తాతయ్యో చనిపోయి ఉంటే వాళ్ళ పేరు చెప్పి చదివించు, మళ్ళీ కలుస్తాం అని చెప్పు.

సీయోను యాత్రికుడు:
దీనికి ఆమెన్. సిస్టర్, ఒక మాట కలుపుతాను. మేం సండే స్కూల్లో చిన్నపిల్లలకి శ్రమల కాలం చెప్పం, మొదట మంచి కాపరి (యోహాను 10) చెప్తాం, ఆయన చేతిలోంచి ఎవరూ లాక్కోలేరని. చార్టులు పదో తరగతి దాటాక చూసుకోవచ్చు. పాప మళ్ళీ ఏడిస్తే నిన్ను వదిలి ప్రభువు అమ్మని తీసుకెళ్ళడు అని ధైర్యంగా చెప్పండి, చిన్నపిల్లలు ఆయనవాళ్ళు, ఆయనే చెప్పాడు. మీ సంఘ పెద్దలతో కూడా మాట్లాడండి, ఆ చివరి మాట వాళ్ళే స్టేజీ మీద సరిచేయాలి.

పెద్దాయనా, 2 థెస్సలొనీక 2లో పాపపురుషుణ్ణి అడ్డగించువాడు (6, 7 వచనాలు) ఎవరో మీరు చెప్పలేదు. పరిశుద్ధాత్మ అని మా వాళ్ళంటారు, ఆయన తీసివేయబడితే సంఘం కూడా ఇక్కడ ఉండదు. మీ జవాబు వచ్చాకే వెయ్యేండ్ల పాలన గురించి చెప్పే ప్రకటన 20కి వెళ్దాం.

మెదక్ పెద్దాయన:
పరిశుద్ధాత్మ వెళ్ళిపోతే ప్రకటన 7లో లెక్కకు మించిన ఆ గొప్ప సమూహం మహాశ్రమల కాలంలో ఎవరివల్ల మారుమనస్సు పొందారో మీరూ చెప్పాలి. అడ్డగించేది రోమా ప్రభుత్వం అన్న పాత తండ్రుల (తొలి శతాబ్దాల సంఘ బోధకుల) వైపు నేను మొగ్గుతాను, టెర్టుల్లియన్ అలాగే చెప్పాడు. ఆదివారం ఆరాధన అయ్యాక వివరంగా రాస్తాను.