జిమ్నీ రెండంగుళాలు లేపాక ముందు చక్రాల హౌసింగ్ (రెండు చక్రాల్నీ కలిపే ఇరుసు గొట్టం) డ్రైవరు వైపు జరిగింది. అడ్డ రాడ్ ఎంత పొడిగించాలి?

పొట్టంగి కాఫీ:

నమస్కారమండీ. మాది కోరాపుట్ జిల్లా. తాతగారి కాలంలో సాలూరు నుంచి ఘాటెక్కి వచ్చి పొట్టంగి పక్కన ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, తోటలో పనివాళ్లతో దేశియా. నాలుగెకరాల కాఫీ ఉంది. బండి 2023లో కొన్న ఐదు తలుపుల జిమ్నీ. పండు కోత రోజుల్లో బస్తాలు రోడ్డు మీదకి దించేదీ అదే, నెలకోసారి అమ్మను పరీక్షలకి విశాఖ తీసుకెళ్లేదీ అదే.

తోట దారిలో రెండు వానలకే చక్రాల గాళ్లు లోతైపోయి, మధ్య మిట్ట బండి పొట్టకి రాసుకుంటోంది. అందుకని రెండు నెలల కింద విశాఖలో ఒక షాపులో రెండంగుళాల స్ప్రింగులు, వాటికి సరిపడా షాక్ అబ్జార్బర్లు వేయించాను. పొట్ట తగలడం మానేసింది. కానీ కొత్తగా మూడు బాధలు మొదలయ్యాయి.

ఒకటి, ముందు నుంచి చూస్తే డ్రైవరు వైపు టైరు బయటికి, రెండోది లోపలికి ఉన్నాయి. రెండు, స్టీరింగు పూర్తిగా తిప్పితే ఎడమ టైరు లోపల దేనికో రాసుకుంటోంది. మూడోదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. సుంకి ఘాటు దిగేటప్పుడు మలుపు తిప్పాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం లేదు, చేత్తో తేవలసి వస్తోంది. కింద సాలూరు దాటాక సూటి రోడ్డు మీద 70లో వెళ్తుంటే బండి అటూ ఇటూ తేలుతున్నట్టుంది. వెనక సీట్లో అమ్మ కూర్చుని ఉంటే నా చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోతున్నాయి.

షాపు వాళ్లకి ఫోను చేస్తే అలైన్‌మెంట్ చేయించుకోమన్నారు. చేయించాను, టో (ముందు చక్రాల మొనలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సరిగ్గానే ఉందన్నారు. హౌసింగ్ పక్కకి పోకుండా పట్టే ముందు అడ్డ రాడ్‌కి బదులు పొడుగు తగ్గించి పెంచుకునే రాడ్ తెప్పించి పెట్టుకున్నాను, ఇంకా బిగించలేదు. దాన్ని ఎంత పొడుగు పెట్టాలి? దాంతో మూడు బాధలూ పోతాయా?

రాయగడ ఫిట్టర్:

బాబూ, ముందుగా మూడు బాధల్నీ ఒక మూట కట్టకు. మొదటి రెండూ ఒక జబ్బు, మూడోది వేరే జబ్బు. రాడ్ మొదటి రెండింటికే మందు.

నేను ముప్పై ఏళ్లు లారీల కమాన్ (పలకల స్ప్రింగు కట్టలు) పని చేశాను. కమాన్ కట్టల బండికి హౌసింగ్‌ను మధ్యలో పట్టుకునేది కట్టలే. సెంటర్ బోల్టు తల కూర్చునే గుంటలో సరిగా కూర్చుని, యు బోల్టులు బిగువుగా ఉంటే హౌసింగ్ ఎటూ పోదు. మీ జిమ్నీకి ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులు. కాయిల్ బరువు మోస్తుందే గానీ పక్కకి ఆపలేదు. ఆ పని అడ్డ రాడ్‌ది. ఒక కొన చాసిస్‌కి, రెండో కొన అవతలి వైపు హౌసింగ్‌కి. రాడ్ పొడుగు మారదు కదా, బాడీ పైకి లేస్తే రాడ్ మరింత ఏటవాలు అవుతుంది. గోడకి ఆనించిన నిచ్చెన నిటారుగా లేపితే దాని కాలు గోడ దగ్గరికి వచ్చినట్టే, హౌసింగ్ కూడా రాడ్ చాసిస్‌కి బిగించిన వైపుకి వచ్చేస్తుంది. నీ టైరు బయటికి వచ్చిన వైపే ఆ బ్రాకెట్ ఉంటుంది, చూసుకో.

ఎంత జరుగుతుందనేది రాడ్ ముందు నుంచీ ఎంత ఏటవాలుగా ఉందో దాన్ని బట్టి. 900 మి.మీ. రాడ్ మొదట అడ్డంగా, సమంగా ఉంటే 50 మి.మీ. లేపినా ఒకటిన్నర మి.మీ. కూడా జరగదు. అదే రాడ్ రెండు కొనలకీ మొదటే 100 మి.మీ. ఎత్తు తేడా ఉంటే 7 మి.మీ. జరుగుతుంది. అందుకే ఎవరో వాళ్ల బండికి ఇంత పొడిగించామన్న లెక్క నీకు పనికిరాదు. నీ బండి మీద నువ్వే కొలవాలి.

కొలిచే పద్ధతి ఇది. గచ్చు సమంగా ఉన్న చోట బండి పెట్టు. జాకీ పెట్టకు. స్టీరింగు సూటిగా ఉంచి పది అడుగులు ముందుకీ వెనక్కీ నడిపి ఆపు, అప్పుడు టైర్లలో ఇరుక్కున్న బిగువు వదులుతుంది. రెండు టైర్లలో గాలి సమానంగా ఉండాలి. తాపీ మేస్త్రీ దగ్గర గుండు దారం తీసుకుని రెండు వైపులా ఫెండరు అంచు మీద ఒకే చోటు నుంచి వదులు. దారానికీ టైరు చెంపకీ మధ్య సందు కొలిచి రెండూ రాసి పంపు. ఫెండరు ఎప్పుడైనా డెంటింగ్ చేయించి ఉంటే దాన్ని నమ్మకు, చాసిస్ కమ్మీ నుంచి రిమ్ము లోపలి అంచు దాకా కొలువు. రాడ్ రెండు బోల్టుల మధ్య పొడుగు, వాటి ఎత్తుల తేడా కూడా కావాలి.

ఇక మూడో బాధ. లేపినప్పుడు హౌసింగ్‌ను ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకునే రెండు పొడుగు ఆర్ములు కిందికి వాలతాయి. వాటితో పాటు హౌసింగ్ కొంచెం తిరుగుతుంది, క్యాస్టర్ తగ్గుతుంది. క్యాస్టర్ అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం దేని మీద తిరుగుతుందో ఆ గీత వెనక్కి వాలి ఉండే కోణం. సైకిల్ ఫోర్కు వెనక్కి వాలి ఉండబట్టే హ్యాండిల్ వదిలినా సూటిగా పోతుంది. ఆ వాలు తగ్గితే ఏమవుతుందో నువ్వు ఘాట్లో చూస్తూనే ఉన్నావు. దానికి ఆర్ముల బుష్షులు మార్చాలి, కన్నం మధ్యలో కాకుండా పక్కకి ఉండేవి దొరుకుతాయి. అలైన్‌మెంట్ చేసినవాడు ఇచ్చిన కాగితంలో క్యాస్టర్ అంకె ఉంటుంది. వాడు టో ఒక్కటే చెప్పి ఉంటాడు.

ఇంకో మాట. స్ప్రింగులు పొట్టను లేపాయి గానీ, డిఫ్ (రెండు చక్రాలకీ బలం పంచే పళ్ల చక్రాల గుండు) ఉన్న హౌసింగ్ టైర్ల ఎత్తులోనే ఉంది. మిట్ట మీద దాన్ని మునుపటిలాగే కాపాడుకోవాలి.

పొట్టంగి కాఫీ:

ఫిట్టర్ గారూ, మీరు నిచ్చెన మాట చెప్పగానే కళ్లకి కట్టింది. కొలిచాను. డ్రైవరు వైపు సందు 21, ఎడమ వైపు 37. తేడా 16. రాడ్ బోల్టుల మధ్య 900, మీరు ఉదాహరణకి చెప్పిందే వచ్చింది. ఇప్పుడు ఎత్తుల తేడా 155. ఇంకో సంగతి, రెండంగుళాలన్నారు గానీ బండి 55 మి.మీ. లేచింది.

ఆత్రం ఆపుకోలేక నిన్న సాయంత్రం కొత్త రాడ్‌ను పాతదానికన్నా 16 మి.మీ. పొడుగు పెట్టి బిగించేశాను. ఇప్పుడు ఎడమ వైపు 21, కుడి వైపు 37! అటుది ఇటైంది. పైగా మునుపు సూటిగానే ఉన్న స్టీరింగు ఇప్పుడు సూటి రోడ్డు మీద పావు చుట్టుకి పైగా తిరిగి ఉంటోంది. మీటర్లో, బండి అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌పీ దీపం కూడా వెలిగింది. స్టీరింగు నట్టు విప్పి, పైకి లాగి, సూటిగా పెట్టి మళ్లీ బిగిస్తే సరిపోతుందని ఇక్కడి మెకానిక్ అన్నాడు. చేయించనా?

రాయగడ ఫిట్టర్:

చేయించకు. స్టీరింగు నట్టు మీద చెయ్యి వేయనివ్వకు.

ముందు కొలత సంగతి. హౌసింగ్ 8 మి.మీ. జరిగితే ఒక వైపు 8 బయటికి, రెండో వైపు 8 లోపలికి. చూపుకి కనిపించే తేడా 16. జరిగింది అందులో సగమే. కొలిచిన తేడాను ఎప్పుడూ సగం చేసి పట్టుకోవాలి. నీ లెక్క కూడా అదే చెబుతోంది. ఇప్పుడు ఎత్తు తేడా 155, లేచింది 55 అంటే మొదట 100 ఉండేది. 900 రాడ్ 100 నుంచి 155కి వాలితే కాగితం మీద వచ్చేది 7.9. నీ గుండు దారం చెప్పింది 8. ఇంత చక్కగా కలిసిందంటే నువ్వు శ్రద్ధగా కొలిచావని అర్థం.

రాడ్ రెండు కొనల్లో ఒకటి కుడి మర, ఒకటి ఎడమ మర అయితే మధ్య గొట్టం తిప్పితే చాలు, బోల్టులు విప్పక్కర్లేదు. మర మీద స్కేలు పెట్టి పది చుట్లు ఎంత వచ్చాయో చూడు. 15 మి.మీ. వస్తే ఒక చుట్టుకి ఒకటిన్నర. రెండు కొనలూ కలిసి కదులుతాయి కాబట్టి గొట్టం ఒక చుట్టు తిప్పితే 3 మి.మీ. పానా పట్టే చోట ఆరు పలకలుంటాయి, ఒక పలకకి అర మి.మీ. నువ్వు తగ్గించాల్సింది 8, అంటే 16 పలకలు. రెండు చుట్లూ నాలుగు పలకలూ. మొదట పలక మీద సుద్దతో గీత పెట్టుకుని లెక్కించు. ఆఖరున మర ఎంత లోపల ఉందో చూడు. 20 మి.మీ. లావు మరకి కనీసం 30 మి.మీ. లోపల ఉండాలి. లాక్ నట్లు రెండూ బిగించాకే బండి కదిలించు.

ఇప్పుడు స్టీరింగు. స్టీరింగు పెట్టె చాసిస్ మీద ఉంది, చక్రాలు హౌసింగ్ మీద ఉన్నాయి. మధ్యన పొడుగాటి డ్రాగ్ లింకు. అది అడ్డ రాడ్‌కి తోడుగా, ఇంచుమించు అదే వాలులో నడుస్తుంది. బండిని లేపినప్పుడు రెండూ కలిసి వాలాయి, కలిసి జరిగాయి. అందుకే అప్పుడు నీ స్టీరింగు చెడలేదు. నువ్వు ఒక్క రాడ్‌నే పొడిగించావు, హౌసింగ్ ఎడమకి పోయింది, డ్రాగ్ లింకు పాత పొడుగులోనే నిలిచి చక్రాల్ని తిప్పేసింది. రాడ్‌ను ఎంత సరి చేశావో డ్రాగ్ లింకునూ అంతే సరి చేయాలి. దాని గొట్టం క్లాంపులు వదులు చేసి, చక్రాలు సూటిగా ఉంచి తిప్పుతూ పోతే స్టీరింగు మధ్యకి వస్తుంది. రెండు చక్రాల్నీ ఒకదానితో ఒకటి కలిపే టై రాడ్‌ను ముట్టుకోకు, టో చెడుతుంది.

స్టీరింగు చక్రం పీకి సూటిగా పెడితే చూపుకి బాగుంటుంది, లోపల పెట్టె మధ్యలో ఉండదు. ఒక వైపు ఎక్కువ తిరుగుతుంది, ఒక వైపు తక్కువ. ఘాట్లో ఎడమ మలుపు అందుకుని కుడి మలుపు అందకపోతే ఏం చేస్తావు? ఈఎస్‌పీకి కూడా చక్రం ఎటు తిరిగి ఉందో చెప్పే సెన్సర్ ఉంటుంది. సూటిగా పోతున్న బండిలో స్టీరింగు తిరిగి ఉందని అది చెబితే ఈఎస్‌పీ లెక్క తప్పుతుంది. డ్రాగ్ లింకుతో సరి చేశాక కూడా దీపం ఆరకపోతే స్కానర్ ఉన్న చోట సున్నా పెట్టించు.

ఇది అందరూ మరిచిపోయే పని, రాసి పెట్టుకో: రబ్బరు బుష్షులున్న ఏ బోల్టునైనా బండి జాకీ మీద వేలాడుతుండగా ఆఖరి బిగింపు ఇవ్వకూడదు. చక్రాలు నేల మీద ఉండి, బరువు పడ్డాకే బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వాలులో పట్టుకుపోతుంది, నేల మీదకి దించగానే మెలిపడి ఉంటుంది. కొన్నాళ్లకే చీరుతుంది. అడ్డ రాడ్ బుష్షు చీరినా, బోల్టు వదులైనా ఒక గుంట తగలగానే స్టీరింగు చేతుల్లో వణుకు పుడుతుంది. నేను ఒకసారి అలాంటి బండిలో పక్క సీట్లో కూర్చున్నాను, ఆపే దాకా ఊపిరి తీసుకోలేదు.

సిరోంచ దారి:

అన్నా, నేను గడ్చిరోలి జిల్లా నుంచి. మాకు ఆలాపల్లి రోడ్డు, మీకు ఘాటు. ఫిట్టర్ గారు చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుతా.

బండి ఒక వైపు జాకీతో ఎత్తి చక్రం పూర్తిగా వేలాడనిచ్చి బ్రేకు హోసు చూడు, స్టీరింగు రెండు వైపులా తిప్పి మరీ చూడు. ఎక్కడా దారంలా సాగి బిగుసుకోకూడదు. ఘాటు మీద తిరిగేవాడివి, దీన్ని రేపటికి పెట్టకు. హెడ్‌లైట్లు కూడా కిందికి దించుకో, లేపిన బండి వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది.

కాగితాల సంగతి కూడా తెలుసుకో అన్నా. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. నిన్ను భయపెట్టాలని కాదు. అమ్మను ఎక్కించుకునే బండి కాబట్టి బీమా వాళ్లని ముందే అడిగి, వాళ్లు చెప్పేది కాగితం మీద తీసుకో.

పొట్టంగి కాఫీ:

ఇద్దరికీ దండం. ఆదివారం పొద్దున్నే మా ధాన్యం కళ్లం గచ్చు కడిగి బండి పెట్టాను. మా చిన్నాన్న కొడుకు గుండు దారం పట్టాడు.

పది మరలు సరిగ్గా 15 మి.మీ. 16 పలకలు వెనక్కి తిప్పాను, ఒక్కో పలకకీ తమ్ముడు బయటికి లెక్కపెట్టాడు. నడిపి మళ్లీ కొలిస్తే కుడి 29, ఎడమ 29 అనుకున్నాను గానీ కుడి 28, ఎడమ 30 వచ్చింది. తేడా 2, సగం 1, రెండు పలకలు. ఏ వైపుకి తిప్పాలో తప్పు పోకుండా, టైరు కుడికి బయటికి ఉంది కాబట్టి రాడ్ పొడుగు కావాలి అని పైకి చెప్పుకుని తిప్పాను. ఇప్పుడు రెండూ 29.

తర్వాత డ్రాగ్ లింకు. క్లాంపుల్లో మట్టి గట్టిపడిపోయి ఉంది, వాటిని వదిలించడానికే గంట పట్టింది. స్టీరింగు సూటికి వచ్చాక రెండు వైపులా పూర్తిగా తిప్పి చుట్లు లెక్కపెడితే సమానంగా ఉన్నాయి. ఈఎస్‌పీ దీపం దానంతట అది ఆరింది. ఎడమ టైరు రాసుకోవడం పోయింది.

ఫిట్టర్ గారు చెప్పలేదు గానీ, ముందు వైపు అయ్యాక అనుమానం వచ్చి వెనక కూడా కొలిచాను. వెనక హౌసింగ్ కూడా జరిగే ఉంది. దానికీ రాడ్ చెప్పాను. రెండు వైపులా ముందు హబ్బు మధ్య నుంచి వెనక హబ్బు మధ్య దాకా టేపు పెట్టాను, కంపెనీ చెప్పిన 2,590కి ఒక్క మి.మీ. అటూ ఇటూగా రెండూ సమానం. అంటే హౌసింగ్ మెలిక పడలేదు.

అలైన్‌మెంట్ కాగితం వెతికి తీశాను. టో సరే. క్యాస్టర్ కుడి ఎడమలు రెండూ సమానమే గానీ రెండూ ఎర్ర రంగులో ఉన్నాయి, మిషను హద్దుకి కింద. అది నా చేతిలోనే ఉంది ఇన్నాళ్లూ. బుష్షులు తెప్పిస్తున్నాను. అవి వేస్తే ముందు చక్రాలకి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరుగుతుందా, ఫోర్ వీల్‌లో వణుకు వస్తుందా?

రాయగడ ఫిట్టర్:

వెనకది నేను చెప్పి ఉండాల్సింది బాబూ. నువ్వే పట్టుకున్నావు, చాలా సంతోషం.

షాఫ్టు సంగతి సరిగ్గా అడిగావు. క్యాస్టర్ పెంచడానికి హౌసింగ్‌ను తిప్పితే షాఫ్టు వచ్చి కలిసే పినియన్ మూతి ఇంకాస్త కిందికి వంగుతుంది, షాఫ్టు జాయింటుకి వాలు పెరుగుతుంది. అందుకని పోయిన వాలు అంతా తిరిగి రావాలని పట్టుబట్టకు. మిషను హద్దులోకి వస్తే చాలు, అంతకు మించి తిప్పే బుష్షు వద్దు. టూ వీల్‌లో ముందు షాఫ్టుకి బరువు ఉండదు కాబట్టి తెలియదు, నాలుగు చక్రాలకీ బలం వెళ్లే ఫోర్ హైలో మట్టి రోడ్డు మీద 40 దాటి చూడు. వణికితే చెప్పు. బుష్షులు ప్రెస్సు మీద ఎక్కించేటప్పుడు కన్నం ఏ వైపు ఉందో కుడి ఎడమ ఆర్ములకి ఒకేలా గీత పెట్టించు. హౌసింగ్ ఒకే ముక్క కాబట్టి, ఒకటి తిరగబడితే రెండు ఆర్ములూ హౌసింగ్‌ను చెరో వైపు తిప్పాలని చూస్తాయి, క్యాస్టర్ సరిగా రాదు, బుష్షులు మెలిపడి ఉంటాయి.

అంతవరకూ అమ్మతో వెళ్లేటప్పుడు సాలూరు దాటాక 50 మించకు. 200 కిలోమీటర్లు తిరిగాక రాడ్ బోల్టులు, లాక్ నట్లు, డ్రాగ్ లింకు క్లాంపులు మళ్లీ పానా పెట్టి చూడు.

పొట్టంగి కాఫీ:

మొన్న విశాఖ వెళ్లి వచ్చాం, నెమ్మదిగానే. రాగానే కళ్లంలో పెట్టి అన్నిటికీ పానా వేశాను. చాసిస్ వైపు లాక్ నట్టు ఒక్కటి పావు చుట్టు పట్టింది. మిగిలినవి కదల్లేదు. గుండు దారం మళ్లీ వదిలాం, 29, 29.