బ్లీచింగ్ వల్ల క్యాన్సర్ వస్తుందంటున్నారు, ఊరి ట్యాంకులో వేయడం మానేయాలా?

కాలువగట్టు: మా ఊళ్లో కాలువ నీళ్లను చెరువులో నింపి, స్లో శాండ్ ఫిల్టర్ మీదుగా 60,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తారు. వేసవిలో నాచు పడుతోందని చెరువులోనూ, మళ్లీ ట్యాంకులోనూ బ్లీచింగ్ వేస్తున్నారు. దాంతో క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. మానేయమందామా? ఇంట్లో కాచుకుంటే సరిపోతుందా?

ఫిల్టర్‌బెడ్: మానొద్దండీ. క్లోరిన్ లేని నీళ్లతో వాంతులు, విరేచనాలు రోజుల్లోనే, కామెర్లు వారాల్లోనే రావచ్చు. మీరు చెప్పే ముప్పు ఏళ్ల తరబడి తాగినవాళ్ల లెక్క. మూత్రాశయ క్యాన్సర్‌తో సంబంధం కొన్ని పరిశోధనల్లో కనిపించింది, కానీ కారణం ఇదేనని తేలలేదు.

తప్పల్లా చెరువులో వేయడమే. నాచు, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిస్తేనే క్లోరోఫాం లాంటి ట్రైహాలోమీథేన్లు పుడతాయి, క్యాన్సర్ అనుమానం వీటి మీదే. ఎండలు ముదిరినా, నీళ్లు ఎక్కువసేపు నిలవున్నా ఇంకా పెరుగుతాయి. పైగా ఆ క్లోరిన్ ఇసుక మీది జిగురు పొరను చంపేస్తుంది. స్లో శాండ్ ఫిల్టర్‌లో సగం పని ఆ పొరదే! నాచును వలతో తీయించండి, బ్లీచింగ్ ఫిల్టర్ దాటాకే వేయించండి.

మోతాదు లీటరుకు 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టండి. 60,000 లీటర్లకు 120 గ్రాముల క్లోరిన్, అంటే 30 శాతం బలమున్న పొడి 400 గ్రాములు. బస్తా విప్పి చాలా రోజులైతే ఆ బలం ఉండదు. ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక తేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి వదలాలి. చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలితే చాలు. ఎక్కువ చూపిస్తే పొడి తగ్గించండి.

గాజుసీసా: కాచేటప్పుడు మూత తీసి ఉంచితే ట్రైహాలోమీథేన్లు చాలావరకు ఆవిరైపోతాయి. క్లోరిన్ వల్లే పుట్టే మరో రకం, హాలోఎసిటిక్ ఆమ్లాలు, అంత సులువుగా పోవు. క్లోరిన్ కూడా పోతుంది కాబట్టి కాచిన బిందెలో చెయ్యి ముంచితే మళ్లీ మొదటికే. ఆర్వో ఉన్నవాళ్లకో మాట: క్లోరోఫాంను పట్టేది ప్రధానంగా కార్బన్ క్యాట్రిడ్జే, ఆర్వో మెంబ్రేన్ కాదు. గడువు దాటితే అదీ పట్టదు.

పరీక్ష చేయిస్తే ట్రైహాలోమీథేన్లు నాలుగు రకాలూ విడివిడిగా అడగండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం పరిమితి లీటరుకు క్లోరోఫాం 0.2, బ్రోమోడైక్లోరోమీథేన్ 0.06, మిగతా రెండూ (డైబ్రోమోక్లోరోమీథేన్, బ్రోమోఫాం) 0.1 మిల్లీగ్రాముల చొప్పున. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్కోదాన్నీ దాని పరిమితితో భాగించి, మొత్తం 1 దాటకూడదంటుంది. అక్కడ క్లోరోఫాం పరిమితి 0.3, మిగతావి ఇవే. క్లోరోఫాం 0.18, బ్రోమోడైక్లోరోమీథేన్ 0.03 వచ్చాయనుకోండి: 0.6, 0.5 కలిపి 1.1. విడివిడిగా పాసు, కలిపితే ఫెయిలు.

నమూనా చివరి కుళాయి దగ్గరే పట్టాలి. గాజు సీసాలో ముందే క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి, లేకపోతే ల్యాబ్‌కు చేరేలోపు సీసాలోనే ఇంకా తయారవుతాయి. గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి ఐసుపెట్టెలో పంపండి. ప్లాస్టిక్ సీసా పనికిరాదు.