జనరల్ వార్డులో చివరి దశ కాన్సర్ రోగి: వాసన, స్పాంజ్ బాత్, మరుగు

స్టాఫ్‌నర్స్_కరీంనగర్
మేల్ వార్డు, 30 పడకలు. నోటి కాన్సర్ చివరి దశలో ఉన్న పెద్దాయన. బుగ్గ మీద పుండు పగిలింది, యూరిన్ ట్యూబ్ ఉంది. కర్టెన్లు లేవు, మడత స్క్రీన్ ఒక్కటే. పక్క మంచాలవాళ్లు ముక్కు మూసుకుంటుంటే ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. డ్రెస్సింగ్, స్పాంజ్ బాత్ ఆయన చిన్నబుచ్చుకోకుండా ఎలా చేయాలి? జబ్బు సంగతి చెప్పొద్దని కొడుకు పట్టు.

పాలియేటివ్_సిస్టర్
ముందు వాసన సంగతి చూడండి సిస్టర్, మిగతావి తర్వాత. డాక్టర్ రాసిన మార్ఫిన్ (నొప్పి మందు) డోసు డ్రెస్సింగ్‌కి అరగంట, ముప్పావుగంట ముందే పడాలి. ఎండిన గాజుగుడ్డని లాగితే పుండు పైపొర ఊడొచ్చి రక్తం కారుతుంది. సెలైన్ పోసి 5–10 నిమిషాలు నాననిస్తే దానంతటదే వదులుతుంది. కడగడమూ సెలైన్‌తోనే. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, మంట. తర్వాత డాక్టర్‌ని అడిగి, మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. మాత్రలు మెత్తగా నూరి పుండు మీద చల్లండి, పైన పుండుకి అతుక్కోని పారఫిన్ గాజుగుడ్డ, ఆపైన ప్యాడ్. చచ్చిన కండలో గాలి ఆడనిచోట పెరిగే బాక్టీరియా వల్లే ఆ వాసన. అవి తగ్గితే కొద్ది రోజుల్లో తేడా తెలుస్తుంది.

రూమ్ స్ప్రే మాత్రం కొట్టొద్దు. రెండు వాసనలు కలిసి ఇంకా వెగటు, పైగా ఎందుకు కొడుతున్నారో ఆయనకు తెలుసు. మాస్కు వార్డులోకి వచ్చేటప్పుడే పెట్టుకోండి, ఆయన మంచం దగ్గర ఆగి కాదు. మంచం పక్కన ముదురు రంగు టవళ్లు రెండు ఉంచండి. బుగ్గ, మెడ పుండ్లలో ఒక్కోసారి రక్తనాళం తెగుతుంది. తెల్ల దుప్పటి మీద కొంచెం రక్తమైనా ఆయనా ఇంటివాళ్లూ హడలిపోతారు.

నర్సింగ్_ట్యూటర్_బెజవాడ
స్క్రీన్ ఒక్కటే ఉంటే దాన్ని జనం నడిచే వైపు పెట్టి, రెండో వైపు సెలైన్ స్టాండ్ల మధ్య దుప్పటి కట్టండి. ఫ్యాన్ ఆపండి. వీలైతే మగ నర్సింగ్ స్టాఫ్‌ని పిలవండి, లేదంటే ఎవరు తుడవాలో ఆయన్నే అడగండి. ఒంటిమీద దుప్పటి తీయకుండా లోపలి బట్టలు తప్పించి, ఒక్కో భాగమే బయటికి తీసి, తుడిచి, ఆరబెట్టి, కప్పేశాకే రెండోది. మర్మాంగాల దగ్గర ఆయన చేయి ఆడితే తడిగుడ్డ ఆయనకే ఇవ్వండి. అక్కడికి ముందు నీళ్లు మార్చాలి.

పని చేస్తూ మీరూ మీ తోటి నర్సూ డ్యూటీ చార్టు గురించి మాట్లాడుకోవద్దు. ఎక్కువమంది తప్పేది అక్కడే. “ఎడమచెయ్యి ఎత్తుతున్నానండీ” అని ముందే చెప్పాలి, స్పృహ లేకపోయినా సరే. యూరోబ్యాగ్ (మూత్రం సంచి) చూసేవాళ్లకి ఎదురుగా కాకుండా అవతలి పక్క, మూత్రాశయం కంటే కిందికి, నేలకి తగలకుండా వేలాడదీసి గుడ్డసంచి తొడగండి.

స్టాఫ్‌నర్స్_కరీంనగర్
థ్యాంక్యూ మేడమ్. నోటికి బోరోగ్లిజరిన్ రాస్తున్నాం, చాలా?

నర్సింగ్_ట్యూటర్_బెజవాడ
వద్దమ్మా, గ్లిజరిన్ తడిని లాగేసి నోటిని ఇంకా ఎండగొడుతుంది. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో అర టీస్పూను వంటసోడా, అర టీస్పూను ఉప్పు. గాజుగుడ్డ ముంచి, బాగా పిండి, రెండు గంటలకోసారి మెల్లగా తుడవండి. మింగలేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తులసితీర్థం పోస్తామని ఇంటివాళ్లు వస్తారు, కాదనకండి. గాజుతో పెదాలు తడపమని చెప్తే వాళ్ల మనసూ నిలుస్తుంది.

డాక్టర్_పాలియేటివ్
మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా చార్టులో ఉందా చూడండి. మలబద్ధకం పట్టాక ఎనిమా పెట్టడం కంటే ఆ మనిషికి నామోషీ మరొకటి లేదు.

కొడుకు మాట: అబద్ధం చెప్పకండి, అడక్కుండా చెప్పనూ వద్దు. “మీ జబ్బు గురించి మీకేం తెలుసు? ఇంకా ఏమైనా తెలుసుకోవాలనుందా?” అని పెద్దాయన్నే అడిగి, ఆయన అన్నది అన్నట్టు కేస్‌షీట్‌లో రాసి డాక్టర్‌కి చూపండి. చాలామందికి అప్పటికే తెలిసే ఉంటుంది. వెంటిలేటర్ వద్దనుకుంటే ముందస్తు వీలునామాకి (చివర్లో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రం) 2018 సుప్రీంకోర్టు తీర్పు అవకాశమిచ్చింది. 2023 సవరణతో ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీతో ధ్రువీకరిస్తే చాలు.

చివర్లో గొంతులో గరగర వస్తే లోపలిదాకా సక్షన్ (కఫం లాగే ట్యూబు) పెట్టొద్దు, బాధే తప్ప లాభం లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, హయోసిన్‌కి (గొంతులో ఊటలు తగ్గించే మందు) డాక్టర్ ఆర్డర్ అడగండి. మీ జిల్లా ఆస్పత్రిలో ఆలన సెంటర్ (ప్రభుత్వ పాలియేటివ్ కేర్, అంటే నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే కేంద్రం) ఉంటే ఈరోజే రిఫరల్ పెట్టండి, ఇంటికెళ్లినా వాళ్లు వచ్చి చూస్తారు.